సికింద్రాబాద్ రమ్మీ, బీదర్ ఫోను, మా అమ్మ పాస్‌బుక్

మొన్న ఆగస్టులో, డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ దేశమంతా బంద్ అని టీవీలో వార్త వచ్చినప్పుడు నేను అమ్మ దగ్గరే ఉన్నాను. అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తల ఎత్తకుండానే అంది: "మనకాడ అది ఎప్పుడో బంద్ జేసిండ్రు గదనే?"

"చేసిండ్రమ్మా. 2017ల."

"మరి నీ తమ్ముడు పైసలు పోగొట్టింది ఎప్పుడు?"

2021లో. నాకు సమాధానం తోచలేదు. బంద్ అయిన నాలుగేళ్లకు మా వాడు అదే ఆటలో అమ్మ డబ్బు నాలుగు లక్షల డెబ్బై వేలు పోగొట్టాడు. ఆ తర్వాత ఇంకో నాలుగేళ్లకు ఆ ఆట మళ్లీ బంద్ అంటున్నారు. ఒకసారి మూసిన తలుపును మళ్లీ మూయడమేమిటి? అమ్మ అడిగినదానికి జవాబు వెతుకుతూ పోతే పత్తాలాట చరిత్ర అంతా తిరగేయాల్సి వచ్చింది. బీఏ తెలుగు చదివినదాన్ని, న్యాయశాస్త్రం నా సబ్జెక్టు కాదు. కానీ తీర్పులన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. మధ్యాహ్నం గిన్నెలు కడిగేశాక రోజుకో గంట కూర్చుని చదివాను.

మా ఇబ్రహీంపట్నంలో నేను చిన్నప్పుడు చూసిన పత్తాలాట వేరు. పెళ్లి జరిగే ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక టెంటు కింద జంపఖానా పరుచుకుని మగవాళ్లు కూర్చునేవారు. తెల్లారేదాకా రమ్మీ. పాయింటుకు ఐదు పైసలో పది పైసలో. మధ్యలో రెండుసార్లు చాయ్ పంపడం ఆడవాళ్ల వంతు. ఓడినవాళ్ల ముఖం తెల్లవారగానే తెలిసిపోయేది, ఎంత ఓడారో మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయేది. అది కాక ఊరి బయట మామిడితోటల్లో ఇంకో రకం ఆట ఉండేది. దాని సంగతి పేపరు జిల్లా పేజీలో వచ్చేది. "పేకాట రాయుళ్ల అరెస్టు" అని హెడ్డింగు, కింద ఎన్ని బైకులు, ఎన్ని వేల నగదు దొరికాయో లెక్క. మా నాయిన పొద్దున్నే ఆ వార్త చదివి, తెలిసినవాళ్లెవరూ లేరని నిర్ధారణ చేసుకుని, అప్పుడు పేపరు తిప్పేవాడు.

ఒకటి పెళ్లి సందడి, ఇంకొకటి నేరం. ఆడేది అవే 52 ముక్కలు. ఈ తేడా ఎవరు గీశారు అంటే, మన సికింద్రాబాద్‌లోనే ఒక కథ ఉంది.

1963 మే 4న సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ అనే చోట పోలీసులు దాడి చేశారు. ఐదుగురు రమ్మీ ఆడుతూ దొరికారు. డబ్బులు పట్టుకుని ఉన్న కోశాధికారి, క్లబ్బు కార్యదర్శి మీద కూడా కేసు పెట్టారు. ఏ చట్టం కింద అనుకున్నారు? నిజాం కాలం నాటి హైదరాబాద్ జూద చట్టం కింద. అది 1305 ఫసలీలో వచ్చింది. మన ఇళ్లలో పాత పహాణీలు చూసినవాళ్లకు ఫసలీ అలవాటే. 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అంటే 1895 ప్రాంతం, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ రోజులు. నిజాం పోయాడు, హైదరాబాద్ రాష్ట్రం పోయింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, చట్టం మాత్రం అలాగే ఉండిపోయింది.

కింది కోర్టు మెజిస్ట్రేటు శిక్ష వేశాడు. సెషన్స్ జడ్జికి అది నచ్చక హైకోర్టుకు పంపాడు. హైకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం పట్టు వదలకుండా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబర్ 22న తీర్పు వచ్చింది, రాసింది జస్టిస్ హిదయతుల్లా. సత్యనారాయణ కేసు అని దీనికి పేరు. అందులో తేల్చినదేమిటంటే, తీన్ పత్తాలాంటి ఆట ఉత్త అదృష్టం. రమ్మీ అలా కాదు. పడ్డ ముక్కలు గుర్తు పెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి. కాబట్టి అందులో నైపుణ్యం ఎక్కువ, అది జూదం కాదు.

ఇది చదివి మావారు, "చూశావా, సుప్రీంకోర్టే చెప్పింది మాకు నైపుణ్యం ఉందని" అన్నారు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో వారు రమ్మీ గెలిచి ఇంటికి తెచ్చింది ఒక ప్లాస్టిక్ బకెట్టు, అది కూడా మా ఆడపడుచు పెళ్లిలో పందెం.

ఇక్కడ ఒక సంగతి ఆగి చూడాలి. అదే తీర్పులో ఇంకో ముక్క ఉంది. క్లబ్బు కార్డులకీ, కూర్చునే చోటుకీ కొద్దిగా రుసుము తీసుకుంటే తప్పులేదు గానీ, ఆ ఆట మీద క్లబ్బు యజమాని లాభం చేసుకుంటున్నాడని రుజువైతే అప్పుడు అది నేరం కావచ్చు అని కూడా ఉంది. తర్వాత యాభై ఏళ్ల పాటు రమ్మీ పక్షం వాళ్లందరూ మొదటి ముక్కనే చూపిస్తూ వచ్చారు. రెండో ముక్క చూపించినవాళ్లు తక్కువ. ఫోనులో రమ్మీ నడిపే కంపెనీ చేసేదేమిటి? ప్రతి ఆటలో గెలిచిన సొమ్ములోంచి తన శాతం తీసుకోవడమే కదా. నా చిన్న బుర్రకు అదే ఎక్కువ ముఖ్యమనిపిస్తుంది. నేను లాయర్ని కాను, పొరపాటైతే చెప్పండి.

1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చింది. అందులో 15వ సెక్షన్ నైపుణ్యంతో ఆడే ఆటలకు ఈ చట్టం వర్తించదు అని చెప్పింది. అంటే పెళ్లి టెంటుకు, క్లబ్బుకు తలుపు తెరిచే ఉంచారు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు అదే చట్టం పేరు మార్చుకుని వచ్చింది.

నిజాం చట్టమైనా 1974 చట్టమైనా వాటి పునాది ఒకటే, ఇల్లు. "జూదపు ఇల్లు" అని ఒకటుండాలి. నాలుగు గోడలు, ఒక యజమాని, పత్తాలు, బల్ల. పోలీసులు వెళ్లేది అక్కడికి. మా ఇల్లూ మీ ఇల్లూ ఆ మాట కిందికి రావు.

2016లో అన్నీ ఒకేసారి జరిగాయి. యూపీఐ వచ్చింది. సెప్టెంబర్‌లో జియో వచ్చింది, నెట్టు ఫ్రీ. నవంబర్ 8 రాత్రి పెద్ద నోట్లు రద్దు. పాలవాడికి కూడా ఫోనులోంచి డబ్బు పంపడం ఆ చలికాలంలోనే నేర్చుకున్నాం. మామిడితోట, జంపఖానా, చాయ్, నగదు, ఏవీ అక్కర్లేకుండా పత్తాలాట ఆడడానికి కావలసినవన్నీ ఆ ఆరు నెలల్లో మన చేతిలోకి వచ్చేశాయి. అనుకుని చేశారని కాదు, అలా కలిసొచ్చాయి.

మరుసటి ఏడాది, 2017 జూన్‌లో, తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. జూలైలో దాన్ని బిగిస్తూ ఇంకొకటి. ఏడాది తిరగకముందే చట్టమైంది. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని ఆపిన మొదటి రాష్ట్రం మనదే. చేసిన పనులు రెండు. 15వ సెక్షన్ నైపుణ్యం మినహాయింపును తీసేశారు. "జూదపు ఇల్లు" అన్న మాటలోకి ఇంటర్నెట్‌ను చేర్చారు. రమ్మీకి దేశమంతటా గొడుగు పట్టిన తీర్పు పుట్టింది సికింద్రాబాద్ క్లబ్బులో, ఆ గొడుగును మొదట మడిచి పెట్టిందీ అదే నేల. కంపెనీలు హైదరాబాద్ హైకోర్టుకు వెళ్లాయి. ఆటలు మాత్రం తెలంగాణ వాళ్లకు ఆపేశాయి.

"మరి వాడెట్ల ఆడిండు?" ఇక్కడిదాకా చెబితే అమ్మ మళ్లీ అక్కడికే వచ్చింది.

చెబుతాను. సాగర్ రోడ్డు మీద భూముల ధరలు ఎక్కుతున్న రోజుల్లో, 2019లో, అమ్మ తన పేరు మీదున్న పది గుంటలు అమ్మింది. సగం డబ్బు పెట్టి పాత ఇల్లు బాగు చేయించింది, మిగతాది బ్యాంకులో వేసుకుంది. ఆ ఖాతాకు లింకైన ఫోను నంబరు తమ్ముడిది. అమ్మకు మామూలు బటన్ ఫోను. ఓటీపీ అంటే వాడే చూసుకుంటాడు. ఇలాంటి ఏర్పాటు ఎన్ని ఇళ్లలో ఉందో మీరే ఒకసారి లెక్కేసుకోండి.

వాడు ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసులో ప్లాట్లు చూపించే పని చేసేవాడు. లాక్‌డౌన్ వచ్చాక ఆ పని పోయింది. ఇంట్లో కూర్చున్నాడు. ఎవడో స్నేహితుడు ఒక యాప్ చెప్పాడు. తెరిస్తే, మీ రాష్ట్రంలో డబ్బుతో ఈ ఆట లేదు అని వచ్చిందట. దానికి మందు కూడా ఆ స్నేహితుడే చెప్పాడు. ఫోను ఎక్కడుందో అబద్ధం చెప్పే ఇంకో యాప్ ఉంటుంది. అది వేసుకుని బీదర్ అని పెట్టుకున్నాడు. కర్ణాటకలో అప్పటికి నిషేధం లేదు. ఆంధ్రా పెడదామంటే అక్కడ 2020 సెప్టెంబర్‌లోనే ఆపేశారు. అలా మా తమ్ముడు ఇబ్రహీంపట్నంలో మంచం మీద పడుకుని ఆరు నెలలు బీదర్‌లో రమ్మీ ఆడాడు.

మొదట్లో గెలిచాడు. తర్వాత ఓడాడు. తర్వాత ఓడినది రాబట్టడానికి ఆడాడు. ఒకసారి లక్షకు దగ్గరగా గెలిచి, దాన్ని బ్యాంకులోకి వేసుకుందామంటే ఆధార్ అడిగిందట. ఆధార్‌లో రంగారెడ్డి జిల్లా అని ఉంది. మీ రాష్ట్రంవాళ్లకు ఇవ్వం అన్నారు. డబ్బు లోపలికి వేసేటప్పుడు బీదర్ అంటే నమ్మింది, బయటికి తీసేటప్పుడు ఇబ్రహీంపట్నం గుర్తొచ్చింది. ఆ లక్షను వాడు మళ్లీ ఆడడానికే వాడాడు.

నేను 2021 జూన్‌లో అమ్మ పాస్‌బుక్ ఎంట్రీ వేయించడానికి బ్యాంకుకు వెళ్లాను. ప్రింటరు వరుసగా పేజీలు కొట్టుకుంటూ పోతోంది. 2,000, 5,000, 2,000, 10,000. రాత్రి పన్నెండు తర్వాత కూడా. నిలబడ్డ చోటే కూర్చుండిపోయాను.

డిగ్రీలో మాకు నిగమశర్మోపాఖ్యానం ఉండేది. తెనాలి రామకృష్ణుడి పాండురంగ మాహాత్మ్యంలోది. చెడిపోయిన తమ్ముడికి బుద్ధి చెప్పడానికి అక్క పిల్లలతో సహా పుట్టింటికి వస్తుంది. మంచి మాటలు చెబుతుంది, తలంటు పోస్తుంది. వాడు బుద్ధిమంతుడిలా నాలుగు రోజులు తలూపి, ఒక రాత్రి ఇంట్లో ఉన్న నగలన్నీ మూటగట్టుకుని పోతాడు. అందులో అక్క ముక్కర కూడా ఉంది. అప్పుడు క్లాసులో అందరం నవ్వాం. అన్ని నగలు పోతే ఆవిడ తన ముక్కర గురించి ఏడుస్తుందని. బ్యాంకులో ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు నాకు ఆవిడే గుర్తొచ్చింది. కవి ఆవిడకు పేరు పెట్టలేదు, నిగమశర్మ అక్క, అంతే. సత్యనారాయణ కేసు తీర్పు చదివేటప్పుడు కూడా అదే ఆలోచన వచ్చింది. ఐదుగురు ఆటగాళ్లు, ఒక కోశాధికారి, ఒక కార్యదర్శి. ఆ రాత్రి వాళ్ల ఇళ్లలో ఎదురుచూసినవాళ్ల ప్రస్తావన ఉండదు. ఉండాలని కూడా కాదు, కోర్టు అడిగిన ప్రశ్న వేరు.

కానీ ఇన్నేళ్లుగా అడుగుతూ వచ్చింది ఆ ఒక్క ప్రశ్నే. ఇది నైపుణ్యమా, అదృష్టమా? 1957లో కూడా అంతే. పత్రికలో పద పజిళ్ల పోటీకి సంబంధించి బొంబాయి ప్రభుత్వం కేసు ఒకటి సుప్రీంకోర్టుకు వచ్చింది. ఆ తీర్పులో ప్రధాన న్యాయమూర్తి సుధీరంజన్ దాస్ ఋగ్వేదాన్నీ భారతాన్నీ తలుచుకున్నారు, జూదంలో రాజ్యం పోగొట్టుకున్న పాండవుల గురించి రాశారు. భారతం దాకా వెళ్లినవారు సభాపర్వంలో ఇంకొంచెం ముందుకు వెళ్లి ఉంటే బాగుండేది. అక్కడ నైపుణ్యం గురించి ఎవరికీ సందేహం లేదు. శకునికి నైపుణ్యం ఉంది, ధర్మరాజుకు లేదు. ఒకే బల్ల మీద ఒకడికి విద్య, ఇంకొకడికి అదృష్టం. ఫోనులో కూడా అంతే అనుకుంటాను. ద్రౌపది అడిగిన ప్రశ్న మాత్రం అది కాదు. ముందు తనను తాను ఓడిపోయినవాడికి నన్ను పందెం పెట్టే హక్కు ఎక్కడిది, అని అడిగింది. అంటే పందెంలో పెట్టింది ఎవరి సొత్తు అని. నన్నయ ఆ సభలో భీష్ముడి చేత కూడా జవాబు చెప్పించలేకపోయాడు.

పది గుంటలు అమ్మవి. మా తాత ఆమెకు పసుపు కుంకుమల కింద ఇచ్చినవి.

కేసు పెడదామన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "కేసు పెడితే ముందుగాల లోపలికి వోయేది నా కొడుకే గదా బిడ్డా" అంది. నిజమే. మన రాష్ట్ర చట్టంలో ఆడినవాడూ నేరస్థుడే. ఆడించినవాడు ఏ ఊళ్లో ఉన్నాడో మాకు తెలియదు. మాకు తెలిసిన నేరస్థుడు పక్క గదిలో దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు.

ఇప్పుడు అమ్మ ప్రశ్నకు జవాబు. రాష్ట్రం ఆటను నిషేధించగలదు గానీ యాప్‌ను మూయించలేదు. ఐటీ చట్టంలో 69ఏ అనే సెక్షన్ ఉంది, దేశంలో ఒక యాప్‌ను గానీ వెబ్‌సైటును గానీ ఆపమని ఆదేశించే అధికారం దాని కింద కేంద్రానిది. 2020 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి 132 వెబ్‌సైట్లు, యాప్‌ల జాబితా రాసి ఆపించమని కేంద్రానికి లేఖ పంపాల్సి వచ్చింది. చట్టం చేసిన రాష్ట్రమే దరఖాస్తు పెట్టుకోవాలన్నమాట.

అదే కేంద్రం తలుచుకుంటే ఎంత సేపు పడుతుందో ఆ ముందు నెలలోనే చూశాం. 2020 సెప్టెంబర్ 2న పబ్జీతో కలిపి 118 యాప్‌లు ఒక్క దెబ్బకు పోయాయి. అంతకు ముందు జూన్‌లో టిక్‌టాక్‌తో కలిపి 59. పబ్జీ పోయిన రోజు మా వాట్సాప్ గ్రూపులో తల్లులందరం పండగ చేసుకున్నాం. ఒకావిడ పాయసం ఫోటో కూడా పెట్టింది. మా పెద్దోడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అసలు కారణం పిల్లల చదువులు కాదు, సరిహద్దులో చైనాతో గొడవ, మన సమాచారం బయటికి పోతోందన్న భయం. మన మొక్కు లడఖ్ దారిలో తీరింది. తర్వాతి ఏడాదే జూలైలో అదే ఆట కొత్త పేరుతో వచ్చింది. 2022 జూలైలో మళ్లీ పోయింది, 2023లో మళ్లీ వచ్చింది. నాకు ఇప్పుడు దాని మీద అంత కోపం లేదు. పెద్దోడు అందులో పోగొట్టింది నిద్ర, ఒక సెమిస్టర్ మార్కులు. రెండూ వాడివే. "అమ్మా, గేమ్ వేరు, మామయ్య ఆడింది వేరు" అని వాడు అప్పుడే చెప్పాడు. ఇంట్లో ఆ తేడా ముందుగా చూసింది పదహారేళ్ల పిల్లాడు. నేను ఫోను పట్టుకున్నవాళ్లందర్నీ ఒకే గాటన కట్టి తిట్టేదాన్ని.

పక్క రాష్ట్రాల సంగతి త్వరగా చెప్పేస్తాను. తమిళనాడు నిషేధించింది, 2021 ఆగస్టులో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. కర్ణాటక కూడా 2021లోనే నిషేధించింది, 2022 ఫిబ్రవరిలో అక్కడి హైకోర్టు కొట్టేసింది. రెండు చోట్లా మళ్లీ నైపుణ్యమా, అదృష్టమా అనే చర్చే, మళ్లీ మన సికింద్రాబాద్ తీర్పే ముందుకొచ్చింది. ఇక కేంద్రం 2023 అక్టోబర్ 1 నుంచి ఆటలో వేసే డబ్బు మీద 28 శాతం జీఎస్టీ పెట్టింది. నాకు ఇది అస్సలు నచ్చలేదు. పన్ను తీసుకుంటే ఇక ఆ దుకాణం మనదే అయినట్టు కదా.

దుకాణం అంటే గుర్తొచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ మంట జిల్లాలకు పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా బంద్ అయింది, 1995లో మొత్తం మద్యనిషేధమే వచ్చింది. అది రెండేళ్లకే పోయిందనుకోండి. అప్పుడు మేం స్కూలు పిల్లలం. చీపుర్లు పట్టుకున్న ఆడవాళ్ల ఫోటోలు పేపర్లో చూసేవాళ్లం. వాళ్లకు వెళ్లి కూర్చోవడానికి ఒక సారా కొట్టు ఉంది, ఆపడానికి ఒక బండి ఉంది, నిలదీయడానికి ఒక కాంట్రాక్టరు ఉన్నాడు. నేను ఎక్కడ కూర్చోవాలి? ఆ దుకాణం మా తమ్ముడి దిండు కింద ఉంది. 2017 చట్టం జూదపు ఇల్లు అన్న మాటను ఇంటర్నెట్ దాకా సాగదీసినప్పుడు, ఆ ఇల్లు ఎక్కడ తేలుతుందో రాసినవాళ్లు ఆలోచించారో లేదో. మా ఇంట్లోనే తేలింది.

2025 మార్చిలో ఇక్కడ ఇంకో అలజడి. బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని సినిమావాళ్లు, యూట్యూబ్ వాళ్లు 25 మంది మీద మియాపూర్ పోలీసులు కేసు పెట్టారు. అప్పుడు ఆర్టీసీ ఎండీగా ఉన్న సజ్జనార్ గారు వీటి మీద గట్టిగా ప్రచారం చేశారు. మన బస్సులు నడిపే ఆయన ఇది ఎత్తుకోవడం నాకు భలే నచ్చింది.

ఇక ఆగస్టు. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. మూడు రోజుల్లో అయిపోయింది. అంత తొందరగా చేయడం మంచిదా అని మావారు అడుగుతున్నారు. పార్లమెంటులో చర్చ సరిగా జరగలేదన్న మాట నిజమే. ఈ ఆటల వల్ల ఏటా 45 కోట్ల మంది 20,000 కోట్లు నష్టపోతున్నారని ప్రభుత్వ వర్గాలు చెప్పిన లెక్క కూడా నాకు మింగుడుపడలేదు. పసిపిల్లలతో సహా ముగ్గురిలో ఒకరా? అయినా ఆ చట్టంలో ఒక మాట కోసం నేను దాన్ని రెండుసార్లు చదివాను. ఆటలను మూడు రకాలు చేశారు. పోటీ ఆటలైన ఈ-స్పోర్ట్స్, సరదా ఆటలు, డబ్బు ఆటలు. డబ్బు పెట్టి, ఇంకా ఎక్కువ డబ్బు వస్తుందన్న ఆశతో ఆడేది డబ్బు ఆట. అది నైపుణ్యమైనా, అదృష్టమైనా, రెండూ కలిసినా సరే. సికింద్రాబాద్ క్లబ్బులో మొదలైన ప్రశ్నను 58 ఏళ్ల తర్వాత పక్కన పెట్టేశారు. ఆడించినవాడికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు ఇచ్చినవాడికి రెండేళ్లు, 50 లక్షలు. డబ్బు దాటించే బ్యాంకులకూ ఇందులో బాధ్యత ఉంది. ఆడినవాడికి శిక్ష లేదు.

ఈ చివరిది అమ్మకు చదివి వినిపించాను. చిక్కుడుకాయ పక్కన పెట్టి, "మళ్ల చదువు" అంది.

కంపెనీలు కోర్టుకు వెళ్లాయి. వేర్వేరు హైకోర్టుల్లోని కేసులను సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది. మళ్లీ సత్యనారాయణ కేసు చదువుతారు. ఈసారి రెండో ముక్క కూడా చదువుతారేమో. ఈలోగా తమ్ముడి ఫోనుకు టెలిగ్రామ్‌లో విదేశీ నంబర్ల నుంచి కొత్త లింకులు వస్తూనే ఉన్నాయి. వచ్చినప్పుడల్లా నాకు చూపించి తీసేస్తాడు. చూపించనివి ఉన్నాయో లేదో నేను అడగను. అమ్మ ఖాతాకు నంబరు మార్పించాం, ఇప్పుడు ఓటీపీ నాకు వస్తుంది. అమ్మకు అదీ నచ్చలేదు. "రేపు నువ్వాడవని ఏం గ్యారంటీ" అని నన్నే అడిగింది. నిజం చెప్పొద్దూ, కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. పోయిన నెల నుంచి ఆవిడకే ఓటీపీ చదవడం నేర్పిస్తున్నాను. అంకెలు వచ్చు, మెసేజ్ తెరవడమే రావడం లేదు.

తమ్ముడు ఇప్పుడు ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడుపుతున్నాడు. 2022 జనవరి నుంచి నెలకు ఐదువేలు అమ్మకు ఇస్తున్నాడు. మధ్యలో నాలుగు నెలలు తప్పింది, మరదలి కాన్పు అప్పుడు. మొన్న దసరా ముందురోజు, ఒకటో తారీఖున, అందరం అమ్మ దగ్గరే ఉన్నాం. భోజనాలయ్యాక మా బావగారు అలవాటు కొద్దీ జేబులోంచి పత్తాల కట్ట తీశారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆయనే ఒకసారి తమ్ముడి వైపు చూసి, కట్ట మళ్లీ జేబులో పెట్టుకుని, పిల్లల్ని అష్టాచెమ్మాకు పిలిచారు. చింతగింజలు అరగదీయడానికి గచ్చు మీద కూర్చున్నారు.

తమ్ముడు లోపలికి వెళ్లి ఐదువేలు తెచ్చి ఇచ్చాడు. అమ్మ వేలు తడుపుకుని రెండుసార్లు లెక్కపెట్టుకుంది. గూట్లోంచి నోటుబుక్కు తీసి నా చేతికిచ్చి, "రాయి" అంది. రాశాను.

"ఇంక ఎంతున్నది?"

"రెండు లక్షల అరవై వేలమ్మా."

"ఊఁ" అని బుక్కు తీసుకుని మళ్లీ గూట్లో పెట్టింది.